తాళాల గుత్తి ఇచ్చే ముందు

కూసో సంయుక్తా, చాయ్ వస్తది.
ఆ కుర్చీ ఎడమ చెయ్యి వదులు,
ఆనుకోకు.

రేపటి సంది ఈ ఎనుమాముల కోల్డ్ స్టోరేజీ నీది.
ఎనభై వేల బస్తాల మిర్చి, ఆరు గదులు, ఒక కాంటా,
నలభై ఒక్క మంది.
మిర్చి సంగతి చల్లదనం చూసుకుంటది.
మనుషుల సంగతి
తెలిసినంత చెప్తా. తెలిసిందే తక్కువ.

పనోళ్లను ఫిబ్రవరిల వెతుక్కోకు.
అప్పటికే లారీలు ములుగు రోడ్డు దాక నిలబడతయి,
నీకు మనిషి కనపడడు,
రెండు చేతులు కనపడతయి.
దసరా నాడు చేతుల పెట్టిన జమ్మి ఆకు ఎండకముందే పిలువు.

పిలిచినోళ్లను గేటు బయట ఎండల ఉంచకు.
నర్సంపేటల మొదటి బస్సు ఎక్కినోడు
తినకుంట వచ్చి ఉంటడు.
ముందు ఉప్మా, తర్వాత సర్టిఫికెట్లు.
తినేటప్పుడు పక్కోనికి నీళ్ల గ్లాసు జరిపినోని
పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకో.
ఆ చుక్క నన్ను రెండుసార్లు ముంచింది.
అయినా పెట్టుకో.

కాంటా మీద చుట్టాన్ని కూసోబెట్టకు.
నేను కూసోబెట్టిన, మా మేనత్త మనుమణ్ని.
పేరెందుకులే, ఇప్పుడు మంచిగున్నడు.
బస్తాకు అరకిలో.
‘అరకిలోల ఏమున్నది మామా’ అన్నడు.
ఖానాపూర్ దిక్కు తండా రైతు బానోతు కీమా
ఈ టేబుల్ మీద దోసెడు చపాట కాయలు పోసి
‘సారూ, ఇది నా బిడ్డ బస్ పాసు’ అన్నడు.
అంతే. లొల్లి పెట్టలే, కూసోలే, పోయిండు.
ఇగో, ఈ రెక్సిన్ మీద ఎర్ర మరక.
తుడిస్తే పోతది.
తుడవలే.

ఇగ కంప్రెసర్ రూము.
ఐటీఐ చదివినోళ్లు పదకొండు మంది వచ్చిన్రు ఆ యేడు.
ఇదే గదిల వరుసగ కూసోబెట్టి
అమోనియా లీకయితే ఏం చేస్తరని అడిగిన.
అందరు చెప్పిన్రు, పుస్తకంల ఉన్నది ఉన్నట్టు.
అప్పుడు యాకమ్మ, చీపురు చంకల పెట్టుకొని,
తలుపు సందుల నుంచి
‘మూడో గది కాడ కండ్లు మండుతున్నయి సారూ’ అన్నది.
పన్నెండు మందిమి,
పన్నెండు ముక్కులు పెట్టుకొనే కూసున్నం.

వాల్వు బిగించి వచ్చినంక
వరుసల ఆఖరి పిలగాడు ముదస్సిర్ లేచిండు.
‘నాకు ముందే వాసనొచ్చింది సార్.
చెప్తే నౌకరి రాదేమో అనుకున్న.’

వాణ్నే తీసుకున్న.
అది వాని తెలివికి కాదు.
నోరు తెరవనియ్యని గది ఒకటి
ఇన్నేండ్లు నడుపుకొచ్చిన్నని
వానితోనే తెలిసింది.

యాకమ్మకా? జీతం మీద మూడొందలు పెంచిన.
లైసెన్సు లేదు, చదువు లేదు, ఓనరు ఒప్పుకోడు,
అన్నీ నిజమే.
మూడొందలు అని చెప్పేటప్పుడు
ఆమె మొఖం దిక్కు చూడలేదు.
అది గూడ నిజమే.

తీసుకోనోళ్లకు ఫోన్ చెయ్యి.
‘చూసి చెప్తం’ అని మాత్రం అనకు.
నెక్కొండ పిలగానికొకనికి అట్లనే అన్న.
నా ఫోన్ కలవదేమోనని
రెండు నెలలు అప్పు తెచ్చి రీచార్జి చేయించుకున్నడట.
ఆ సంగతి వాడు చెప్పలే,
మొన్న కాజీపేట స్టేషన్ల కలిసిన వాళ్లన్న చెప్పిండు,
నవ్వుకుంట.

కొమురెల్లికి మోకాళ్లు పోయినయి, బస్తా ఎత్తలేడు.
లెక్కల మనిషి ‘తీసేద్దాం’ అని ఫైలు తెస్తడు.
సంతకం పెట్టేముందు
ఏ రైతు సరుకు ఏ వరుసల ఉన్నదో కొమురెల్లిని అడుగు,
తర్వాత కంప్యూటర్‌ను అడుగు.

ఇగో తాళాలు.
ఐదోది ఊకె తిరగది,
కొంచెం పైకి లేపి, అట్ల, ఎడమకు.
నేను గ్రీజు పోసిన, సుత్తెతో కొట్టిన,
మిస్త్రీని గూడ పిలిచిన.
లేపాల్నని చెప్పింది యాకమ్మ.

ఏడింటికే వస్తది రేపు.
ఆమెకు నువ్వే ముందు నమస్తే పెట్టు.

చాయ్ చల్లగయితున్నది, తాగు.